అంతరించిన జంతువులను క్లోనింగ్ తిరిగి తెస్తుందా? పిండాలతో పనిచేసిన పశువైద్యుడిగా నా సమాధానం

వేల ఏళ్ళ కిందట అంతరించిన డైర్ తోడేళ్ళు తిరిగి పుట్టాయన్న వార్త చదివి, అంతరించిన జంతువును క్లోనింగ్‌తో నిజంగా వెనక్కి తేవచ్చా అని మీరు అడిగారు. తేగలిగితే మన చీతాను ఆ దారిలో ఎందుకు తెచ్చుకోలేదన్నారు. మంచుయుగపు బొచ్చు ఏనుగు మామత్ సంగతి అడిగారు. చివరగా, ఇంటర్ బైపీసీ చదువుతున్న మీ అమ్మాయి ఈ పనిలోకి రావాలంటే ఏం చదవాలో చెప్పమన్నారు.

నేను పశువైద్యుణ్ణి. ఇరవై ఆరేళ్ళు ఆవులు, గేదెల పిండమార్పిడిలో గడిపాను. అందులో ఏడేళ్ళు గేదెల క్లోనింగ్ ప్రయోగాల్లో సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నాను. అడవి జంతువును నేనెప్పుడూ క్లోన్ చేయలేదు. కానీ ఆ పనిలో ఏ మెట్టు దగ్గర ఏం చెడుతుందో నా చేతులకు తెలుసు. కొంచెం పొడుగవుతుంది, ఓపికగా చదవండి.

ముందు సూటి జవాబు. అంతరించిపోయిన జంతువు క్లోనింగ్ ద్వారా ప్రాణంతో నేలమీదికి వచ్చిన సందర్భం ఒకటుంది. ఆ పిల్ల కొద్ది నిమిషాలే బతికింది. ఈ రంగంలో ఉన్న ఆశా, ఉన్న కష్టమూ రెండూ ఆ కథలోనే ఉన్నాయి, అందుకే అక్కడి నుంచి మొదలుపెడతాను.

ఫ్రాన్స్, స్పెయిన్ దేశాల మధ్య పైరినీస్ పర్వతాల్లో బుకార్డో అనే కొండమేక ఉండేది. పెద్ద కొమ్ముల కోసం దాన్ని తరాల తరబడి వేటాడారు. 1990ల చివరికి ఒకే ఒక్క ఆడమేక మిగిలింది. దానికి సీలియా అని పేరు పెట్టారు. 1999లో స్పెయిన్‌లోని ఓర్డెసా జాతీయ ఉద్యానవనంలో దాన్ని పట్టుకుని, చెవి దగ్గర చిన్న చర్మం ముక్క తీసి, మెడకు రేడియో పట్టీ కట్టి వదిలేశారు. 2000 జనవరి 6న చెట్టు కూలి మీద పడి అది చనిపోయి కనిపించింది. దానితో బుకార్డో జాతి అయిపోయింది. కానీ ఆ చర్మం ముక్క నుంచి పెంచిన కణాలు ద్రవ నత్రజనిలో, సున్నాకు 196 డిగ్రీల దిగువన, చెడకుండా ఉన్నాయి.

ఆ కణాలను మామూలు ఇంటిమేకల అండాల్లోకి ఎక్కించారు. తయారైన పిండాల్లో 208 పిండాలను 57 ఆడ జంతువుల గర్భాల్లో పెట్టారు. ఆ తల్లులు స్పెయిన్ కొండమేకలు, లేదా కొండమేకకూ ఇంటిమేకకూ పుట్టిన సంకరాలు. ఏడు చూడి నిలిచాయి. ఆరు మధ్యలోనే పోయాయి. 2003 జూలై 30న ఏడోదానికి శస్త్రచికిత్స చేసి పిల్లను బయటికి తీశారు. ఆడపిల్ల. గుండె కొట్టుకుంటోంది, కళ్ళు తెరిచింది, కానీ ఊపిరి ఆడలేదు. కొద్ది నిమిషాల్లో ప్రాణం పోయింది. కోసి చూస్తే ఊపిరితిత్తికి అదనంగా ఒక గట్టి ముద్ద పెరిగి, గాలికి చోటు లేకుండా చేసింది. ఒకసారి అంతరించిన జాతి రెండోసారి అంతరించింది.

ఈ వివరాలను ప్రయోగం చేసినవాళ్ళు 2009లో ప్రచురించారు. ఆ వ్యాసం చదివిన రోజు నాకు బాగా గుర్తు. దానికి కొన్ని నెలల ముందే మా ప్రయోగశాలలో ఒక క్లోన్ దూడ పుట్టి మూడో రోజున చనిపోయింది. అప్పటికి ఎన్నో పిండాలు పోగొట్టుకున్నాం. ఆ ఒక్క గేదె మాత్రం పది నెలలూ నిలబెట్టుకుని ఈనింది. దూడ లేచి నిలబడింది, జున్నుపాలు తాగింది. రెండో రాత్రి నుంచి ఎగశ్వాస మొదలైంది. తల్లిగేదె నాకుతూనే ఉంది. ఇన్నేళ్ళయినా ఆ రాత్రి కళ్ళముందే ఉంది. క్లోన్ దూడలకు ఊపిరితిత్తులు ఎందుకు పోతాయో అప్పటికి పుస్తకంలో చదివి తెలుసు. ఆ రాత్రి మాత్రం నా చేతికింద ఆ డొక్క ఎగసిపడుతుంటే తెలిసింది వేరు.

ఇప్పుడు అసలు పని ఎలా జరుగుతుందో చెబుతాను, లేకపోతే తర్వాతి మాటలు అర్థం కావు. మనకు కావలసిన జంతువు నుంచి ఒక కణం తీసుకుంటాం, సాధారణంగా చర్మకణం. దాని కేంద్రకంలో ఆ జంతువు జన్యు సమాచారం మొత్తం ఉంటుంది. ఇంకో ఆడ జంతువు నుంచి పక్వమైన అండం తీసుకుని, దానిలోని కేంద్రకాన్ని తొలగిస్తాం. ఖాళీ అయిన అండంలో చర్మకణాన్ని చేర్చి, చిన్న విద్యుత్ తాకిడితో రెండింటినీ కలిపేస్తాం. అండం తాను ఫలదీకరణం చెందాననుకుని విభజన మొదలుపెడుతుంది. ఏడెనిమిది రోజులు పెంచి, ఎదకు సరిపోయే రోజు చూసి మరో ఆడ జంతువు గర్భంలో పెడతాం. 1996 జూలై 5న స్కాట్లాండ్‌లోని రోస్లిన్ సంస్థలో డాలీ గొర్రె పుట్టింది ఇలాగే. 277 అండాలతో మొదలుపెడితే ఒక్క గొర్రెపిల్ల దక్కింది.

ఇందులో జనం పట్టించుకోని సంగతి అండం. మేము కబేళా నుంచి గేదెల అండాశయాలను గోరువెచ్చని ఉప్పునీటి ద్రావణంలో, థర్మాస్ ఫ్లాస్కులో తెచ్చుకునేవాళ్ళం. తెల్లవారుజామున వెళ్ళాలి, తొమ్మిదిలోగా బల్ల మీదికి రావాలి. గేదె అండాశయం ఆవుదానికన్నా చిన్నది, అండాలూ తక్కువే వస్తాయి. వాటిలో పనికొచ్చేవి ఇంకా తక్కువ. అండం మిల్లీమీటరులో ఎనిమిదో వంతు ఉంటుందేమో. దాని కేంద్రకాన్ని చిట్లకుండా తీయాలి. గేదెలు మనకు లక్షల్లో ఉన్నాయి కాబట్టి వారానికి వందల అండాలు పాడుచేసుకుని నేర్చుకోగలిగాం. ఇరవై ఏనుగులున్న చోట, ఏడు ఖడ్గమృగాలున్న చోట అలా ఎవరు నేర్చుకుంటారు?

మరో చిక్కు ఉంది. చర్మకణం చర్మకణంగా స్థిరపడటానికి కొన్ని జన్యువులను మూసేసుకుని, కొన్నింటిని తెరిచి ఉంచుతుంది. అండంలోకి చేరిన కొన్ని గంటల్లో అది ఆ అలవాటంతా వదిలి, మళ్ళీ మొదటి కణంలా మారాలి. చాలాసార్లు సగమే మారుతుంది. ఆ సగం మార్పు మాయ దగ్గర, అంటే గర్భంలో పిండాన్ని తల్లికి కలిపే భాగం దగ్గర, బయటపడుతుంది. మాయ సరిగా అతుక్కోదు, బొడ్డుతాడు లావెక్కుతుంది, గర్భంలో నీరు పేరుకుంటుంది, దూడ మామూలుకన్నా పెద్దదవుతుంది. ఏడో నెలలో, ఎనిమిదో నెలలో గేదెలు ఈసుకుపోయేవి. అప్పుడు తల్లిగేదె పడే బాధ ఏ లెక్కల్లోకీ రాదు. క్లోనింగ్ గురించి మాట్లాడేవాళ్ళు ఆ తల్లుల గురించి కూడా మాట్లాడాలని నేను గట్టిగా అనుకుంటాను.

గర్భం సంగతికి వస్తే, ఒక జాతి పిండాన్ని మరో జాతి మోయడానికి ఒక హద్దు ఉంది. దగ్గరి బంధువైతేనే నిలుస్తుంది. మన పాపికొండల్లో తిరిగే అడవిదున్నను తీసుకోండి. దాన్ని 2001 జనవరి 8న అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఒక మామూలు ఆవు ఈనింది. 692 అండాలతో మొదలైన పని అది. ఆ దూడకు నోవా అని పేరు పెట్టారు. రెండు రోజులకే విరేచనాల జబ్బుతో పోయింది. 2003లో బాంటెంగ్ అనే ఆగ్నేయాసియా అడవి పశువును అదే పద్ధతిలో ఆవుల చేత ఈనించారు. దాని కణాలు అమెరికాలోని శాన్ డియాగో జంతుప్రదర్శనశాలలో రెండు దశాబ్దాలకు పైగా గడ్డకట్టి ఉన్నవి. ఆ దూడల్లో ఒకటి ఏడేళ్ళు బతికింది. ఆవుకు అడవిదున్న, బాంటెంగ్ దగ్గరి చుట్టాలు కాబట్టి ఆ మాత్రమైనా కుదిరింది.

ఇక అసలు కష్టం. పైన చెప్పినవాటన్నిటిలో ఒకటి ఉమ్మడిగా ఉంది గమనించారా? జంతువు బతికున్నప్పుడో, చనిపోయిన వెంటనేనో తీసి, మంచు స్ఫటికాలు కణాన్ని చీల్చకుండా రక్షక ద్రవంలో ముంచి, పద్ధతి ప్రకారం చల్లబరిచిన కణాలే వాడారు. సైబీరియా మంచులో వేల ఏళ్ళు పడి ఉన్న మామత్ మాంసం అలాంటిది కాదు. మన ఫ్రిజ్‌లో టమాటా గడ్డకట్టి కరిగాక ఎలా నీరుగారిపోతుందో, దాని కణాలూ అంతే. కేంద్రకం లోపలి డీఎన్ఏ చిన్న చిన్న తునకలైపోయి ఉంటుంది. న్యూజిలాండ్‌లో అంతరించిన మోవా పక్షుల ఎముకలు పరీక్షించి 2012లో ఒక లెక్క కట్టారు. 13 డిగ్రీల దగ్గర 521 ఏళ్ళకు డీఎన్ఏ బంధాల్లో సగం తెగిపోతాయని తేలింది. మంచులో ఇంకా నెమ్మదిగా తెగుతాయి. పది లక్షల ఏళ్ళకు పైబడిన మామత్ పళ్ళ నుంచి కూడా డీఎన్ఏ చదవగలిగారు. కానీ చదవడం వేరు, దానితో ప్రాణి పుట్టడం వేరు. 6.6 కోట్ల ఏళ్ళ కిందటి డైనోసార్ల నుంచి చదవడానికి కూడా ఏమీ మిగల్లేదు.

తునకలను కలిపి చదివినా మొత్తం రాదు. ఇరవయ్యో శతాబ్దపు తొలి సంవత్సరాల్లో అంతరించిన క్రిస్మస్ దీవి ఎలుక మీద 2022లో ఒక పరిశోధన వచ్చింది. దాని దగ్గరి బంధువు మన ఇళ్ళలో తిరిగే ఎలుక జాతే. ఆధారంగా పెట్టుకోవడానికి అంతకన్నా మంచిది దొరకదు. అయినా జన్యు సమాచారంలో దాదాపు ఐదు శాతం పట్టుబడలేదు. ఆ దొరకనివి కూడా వాసన పసిగట్టడానికీ, జబ్బులను ఎదుర్కోవడానికీ పనికొచ్చే జన్యువుల్లోనే ఎక్కువ. ఆ ఎలుకను మిగతా ఎలుకల నుంచి వేరుచేసే చోటే చిరుగు పడిందన్నమాట.

కాబట్టి పాత జంతువుల విషయంలో జరిగేది క్లోనింగ్ కాదు, జన్యు సవరణ. డైర్ తోడేలు సంగతి ఇదే. అమెరికాలోని కొలోసల్ సంస్థ 13,000 ఏళ్ళ కిందటి పన్ను, 72,000 ఏళ్ళ కిందటి పుర్రె నుంచి డీఎన్ఏ చదివింది. బూడిదరంగు తోడేలు కణాలను తీసుకుని 14 జన్యువుల్లో 20 మార్పులు చేసింది. ఆ మార్చిన కణాలను కుక్కల అండాల్లో పెట్టి, కుక్కల గర్భాల్లో పెంచింది. ఈ చివరి అంచె మాత్రం మామూలు క్లోనింగే. 2024 అక్టోబరు 1న రెండు మగపిల్లలు, 2025 జనవరిలో ఒక ఆడపిల్ల పుట్టాయి. ఏప్రిల్‌లో ప్రకటించారు.

ఆ పిల్లలు ఆరోగ్యంగా పుట్టడం నిజంగా గొప్ప పని. ఒకే కణంలో అన్ని మార్పులు తప్పు లేకుండా చేసి, దాన్ని పిండంగా నిలబెట్టడం ఎంత కష్టమో మాలాంటివాళ్ళకు తెలుసు, అందుకు ఆ బృందాన్ని మనసారా మెచ్చుకుంటాను. కానీ వాటిని డైర్ తోడేళ్ళనడం ఒప్పుకోను. అవి తెల్లటి ఒత్తు బొచ్చుతో, పెద్ద ఒళ్ళుతో పుట్టిన బూడిదరంగు తోడేళ్ళు. ప్రకృతి పరిరక్షణకు పనిచేసే అంతర్జాతీయ సంఘం ఐయూసీఎన్‌లో కుక్కజాతి జంతువుల నిపుణుల బృందం కూడా అవి డైర్ తోడేళ్ళు కావని, వాటి బదులుగా లెక్కించదగినవీ కావని తేల్చి చెప్పింది. పేరులో ఏముందని అనుకోకండి. ఆ ప్రకటన వచ్చిన రోజుల్లోనే అమెరికాలో ప్రభుత్వ భూములు, వన్యప్రాణుల బాధ్యత చూసే మంత్రి డగ్ బర్గమ్, ఆంక్షలకన్నా ఆవిష్కరణలే దారి అని బహిరంగంగా రాశారు. పోయినదాన్ని తిరిగి తెచ్చుకోవచ్చన్న నమ్మకం కలిగితే, ఉన్నదాన్ని కాపాడే చట్టం బరువుగా అనిపించడం మొదలవుతుంది. నా భయం అదే.

మామత్ గురించి ఎక్కువ రాయను. అదే సంస్థ 2028 నాటికి మొదటి పిల్ల అంటోంది. 2025లో మామత్‌లాంటి బొచ్చుతో ఎలుకలను పుట్టించింది కూడా. ఏనుగు చూడి దాదాపు ఇరవై రెండు నెలలు. ఆసియా ఏనుగు తానే ప్రమాదంలో ఉన్న జాతి. మామత్ వంటి పిల్ల కోసం దాని గర్భాన్ని వాడుకోవడం నాకు ఏ కోణంలో చూసినా సబబుగా తోచదు. పుట్టిన పిల్లకు ఏ గడ్డి తినాలో, ఏ దారిన నీళ్ళకు వెళ్ళాలో నేర్పే పెద్ద ఆడ ఏనుగు ఎవరు? రాంగెల్ దీవిలో చివరి మామత్‌లు పోయి నాలుగు వేల ఏళ్ళయింది.

ఇప్పుడు మన చీతా. ఇది హైదరాబాదుకు సంబంధించిన కథ కూడా. మన దేశంలో చీతాలను రాజులు జింకల వేటకు పెంచుకునేవారు, అడవుల్లోంచి పట్టి తెచ్చేవారు. గడ్డిమైదానాలు సాగులోకి వచ్చాయి, వేట సాగింది. 1947లో ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని కొరియా సంస్థానం రాజు కాల్చిన మూడు చీతాలను చివరివిగా చెబుతారు. 1952లో ప్రభుత్వం అంతరించిందని ప్రకటించింది. 2000 తర్వాత హైదరాబాదులోని జీవకణ పరిశోధన సంస్థ సీసీఎంబీలో లాల్జీ సింగ్ గారి ఆధ్వర్యంలో ఒక ఆలోచన సాగింది. ఆసియా చీతాలు ఇరాన్‌లో మాత్రమే మిగిలాయి కాబట్టి అక్కడి నుంచి జంతువులనో, కనీసం కణాలనో తెచ్చి, చిరుతపులి అండాల్లో, చిరుతపులి గర్భంలో క్లోన్ చేయాలని. ఇరాన్ ఒప్పుకోలేదు. పని అక్కడే ఆగింది.

ఒప్పుకుని ఉంటే ఏమయ్యేది? నా అంచనా నిర్మొహమాటంగా చెబుతాను. చిరుతకూ చీతాకూ ఉన్న చుట్టరికం, ఆవుకూ అడవిదున్నకూ ఉన్నంత దగ్గరిది కాదు. 2020లో అమెరికాలోని కొలంబస్ జంతుప్రదర్శనశాలలో చీతా పిండాన్ని బయట తయారుచేసి గర్భంలో పెడితే పిల్లలు పుట్టాయి. అక్కడ మోసిన తల్లి కూడా చీతాయే. చిరుత గర్భంలో చీతా నిలవడం చాలా కష్టమని నా ఉద్దేశం. నిలిచి పుట్టినా, ఒక జంతువు కణాల నుంచి వచ్చిన పిల్లలన్నీ ఒకే ముఖం, ఒకే రక్తం. వాటితో మంద ఏర్పడదు. పైగా చీతా పిల్ల ఏడాదిన్నర పాటు తల్లి వెంట తిరిగి వేట నేర్చుకుంటుంది. చిరుత మాటువేసి పట్టే జంతువు, చీతా పరుగెత్తి పట్టేది. చిరుత దానికేం నేర్పుతుంది? ఆ ప్రయత్నాన్ని నేను తప్పుపట్టను, దానివల్ల మన దగ్గర ప్రయోగశాలలు, నైపుణ్యం పెరిగాయి. అయితే 2022 సెప్టెంబరు 17న నమీబియా నుంచి ఎనిమిది, మరుసటి ఏడాది ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికా నుంచి పన్నెండు చీతాలు కూనో అడవికి వచ్చాయి. ఆఫ్రికా ఉపజాతే అయినా బతికున్న జంతువులు. తల్లులు తమ పిల్లలకు తామే వేట నేర్పుతున్నాయి.

మీరు అడగకపోయినా పక్షుల గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మన కడప జిల్లాలో ఒక పక్షి ఉంది. పక్షులను డాలీలా క్లోన్ చేయడం కుదరదు. పక్షి అండమంటే పచ్చసొన అంతా ఒకే కణం. ఆ ముద్దలో కేంద్రకం ఎక్కడో అంచున చుక్కంత ఉంటుంది. తీసి, మార్చి, మళ్ళీ తల్లి కడుపులోకి పంపి పెంకు కట్టించే ఉపాయం లేదు. అందుకే అంతరించిన డోడో, ప్రయాణికుల పావురం అనే పక్షుల కోసం పనిచేస్తున్నవాళ్ళు వేరే దారి పట్టారు. పిండంలో బీజకణాలుగా మారబోయే కణాలను సవరించి, మరో పక్షి పిండంలోకి ఎక్కించి, అది పెద్దదయ్యాక దాని పిల్లల్లో ఆ జన్యువులు వస్తాయేమో చూడటం. కోళ్ళలో ఇది సాధ్యమైంది. తక్కిన పక్షుల్లో ఇంకా తొలి అడుగులే.

కడప పక్షి కలివికోడి. 1848లో జెర్డాన్ అనే బ్రిటిష్ పక్షిశాస్త్రవేత్త దాన్ని నమోదు చేశాడు. 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు, అంతరించిందనే అందరూ అనుకున్నారు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర ముళ్ళపొదల్లో మళ్ళీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ ఊరూరా బొమ్మ చూపించి అడుగుతుంటే, ఐతన్న అనే స్థానిక పక్షులవేటగాడు ఆ పిట్ట తనకు తెలుసన్నాడు, చీకట్లో పట్టి తెచ్చాడు. దాని కోసం లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది, తెలుగుగంగ కాలువ దారిని మళ్ళించారు. ఎనభై ఏళ్ళకు పైగా చచ్చిపోయిందనుకున్న పక్షిని ఒక ముళ్ళకంప అడవీ, ఆ అడవి ఎరిగిన ఒక మనిషీ తిరిగి ఇచ్చారు. ఆ కంపను చదును చేసి ఉంటే, ఏ ప్రయోగశాల దగ్గరా కలివికోడిని తెచ్చే దారి లేదు, ఈ రోజుకీ లేదు.

ఇంత చదివాక క్లోనింగ్ పనికిరాదని నేను అంటున్నట్టు అనిపించవచ్చు. అలా అనుకుంటే ఏడేళ్ళు ఆ బల్ల దగ్గర కూర్చునేవాణ్ణి కాను. అది అద్భుతంగా పనికొచ్చే చోటు ఒకటుంది. ఈ మొత్తం సమాధానంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం అదే.

అమెరికా మైదానాల్లో నల్లకాళ్ళ ఫెరెట్ అని, మన ముంగిసలా సన్నగా పొడుగ్గా ఉండే చిన్న మాంసాహారి ఉంది. 1970ల చివరికి అది అంతరించిందని లెక్కగట్టారు. 1981లో వయోమింగ్‌లోని మీటీట్సీ అనే ఊరి దగ్గర ఒక రైతు కుక్క ఇంటికి ఒక చచ్చిన ఫెరెట్‌ను నోట కరుచుకుని తెచ్చింది. అలా చివరి గుంపు బయటపడింది. జబ్బులు వ్యాపిస్తుంటే మిగిలిన పద్దెనిమిదింటిని పట్టి పెంచారు. వాటిలో ఏడింటికే సంతానం నిలిచింది. ఈనాడున్న ఫెరెట్లన్నీ ఆ ఏడింటి మనవలు, మునిమనవలే. మేనరికాలు తరాల తరబడి సాగితే ఏమవుతుందో మనకు వేరే చెప్పనక్కర్లేదు.

పట్టినవాటిలో విల్లా అనే ఆడది ఉండేది. 1988లో అది చనిపోయింది. దాని సంతతి నేటి మందలో లేదు. కానీ ఎవరో ముందుచూపు గల మనిషి దాని చర్మకణాలను శాన్ డియాగోలోని గడ్డకట్టించిన కణాల భాండాగారానికి పంపించారు. ముప్ఫై రెండేళ్ళ తర్వాత, 2020 డిసెంబరు 10న, ఇంటి పెంపుడు ఫెరెట్ గర్భంలోంచి విల్లా ప్రతిరూపం పుట్టింది. దానికి ఎలిజబెత్ ఆన్ అని పేరు. విల్లా జన్యువుల్లో ఇప్పటి మందలో కన్నా దాదాపు మూడింతల వైవిధ్యం ఉంది. ఎలిజబెత్ ఆన్ ఆరోగ్య కారణాలతో తల్లి కాలేకపోయింది. అదే కణాల నుంచి తర్వాత పుట్టిన ఆంటోనియా 2024లో ఈనింది, రెండు పిల్లలు బతికాయి. 1988లో చనిపోయిన జంతువుకు 2024లో మనవలు పుట్టినట్టే. నేను ఆ వార్త చదివి చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. మంగోలియా అడవిగుర్రం ప్రెజ్వాల్‌స్కీ విషయంలోనూ ఇదే జరిగింది. 1980లో దాచిన కణాల నుంచి 2020 ఆగస్టులో కర్ట్ అనే మగపిల్ల పుట్టింది.

ఇక్కడ క్లోనింగ్ ఎందుకు గెలిచిందో చూడండి. కణం సిద్ధంగా ఉంది. అండమిచ్చే, గర్భమిచ్చే దగ్గరి బంధువు ఉంది. పుట్టిన పిల్ల వెళ్ళి కలవడానికి సొంత జాతి మంద ఉంది, నడవడానికి నేల ఉంది. బుకార్డోకు చివరి రెండూ సరిగా లేవు. సీలియా క్లోన్ బతికి ఉన్నా జత కట్టడానికి మగది లేదు. మామత్‌కు ఏనుగు అనే బంధువు తప్ప ఈ నాలుగింటిలో ఒక్కటీ లేదు.

మన దేశంలోనూ చెయ్యి తిరిగినవాళ్ళున్నారు. కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థ 2009 ఫిబ్రవరిలో ముర్రా గేదెను క్లోన్ చేసింది. ఆ మొదటి దూడ వారం లోపే ఊపిరితిత్తుల జబ్బుతో పోయింది, మళ్ళీ అదే కథ. జూన్‌లో పుట్టిన గరిమ బతికింది. 2010లో పుట్టిన రెండో గరిమ పెరిగి, చూడి కట్టి, 2013లో మహిమ అనే దూడను ఈనింది. హైదరాబాదు అత్తాపూర్‌లో సీసీఎంబీకి చెందిన లాకోన్స్ ప్రయోగశాల వన్యప్రాణుల కణాలు, వీర్యం భద్రపరుస్తుంది. వాళ్ళు జూపార్కుతో కలిసి మూషిక జింకలను పెంచి, 2017 నుంచి నల్లమలలోని అమ్రాబాద్ అడవిలో వదిలారు. అందులో క్లోనింగ్ లేదు. మంచి తిండి, సరైన జతలు, ఓపికైన కాపలా. ఆ పని పెద్ద వార్త కాలేదని నాకిప్పటికీ బాధ.

అందుకని నన్ను ఎవరైనా డబ్బిచ్చి ఖర్చుపెట్టమంటే, మామత్ మీద రూపాయి కూడా పెట్టను. ప్రతి జూలో, ప్రతి అటవీ డివిజన్‌లో శవపరీక్ష చేసే పశువైద్యుడి చేతికి ఒక చిన్న పెట్టె ఇస్తాను. అందులో శుభ్రమైన కత్తెర, పోషక ద్రవం నింపిన సీసా, మంచు గడ్డలు ఉంటాయి. అడవిలో ఒక అరుదైన జంతువు చనిపోతే కొన్ని గంటల్లో చెవి కొన నుంచి బఠాణీ గింజంత ముక్క తీసి, చల్లగా ప్రయోగశాలకు పంపితే కణాలు పెంచవచ్చు. ఇప్పుడు చాలా చోట్ల ఫొటో తీసి, పంచనామా రాసి, దహనం చేస్తారు. ప్రతిసారీ ఒక విల్లాను కాల్చేస్తున్నామని నాకనిపిస్తుంది. కెన్యాలో ఉత్తరాది తెల్ల ఖడ్గమృగాలు తల్లీకూతుళ్ళు నాజిన్, ఫాతు రెండే మిగిలాయి. చివరి మగది సుడాన్ 2018లో పోయింది. ఇప్పుడు అక్కడ జరిగే ప్రయత్నమంతా అంతకుముందు దాచిన వీర్యం, ఫాతు అండాల మీదే ఆధారపడి ఉంది. దాచి ఉండకపోతే ప్రయత్నించడానికీ ఏమీ ఉండేది కాదు.

ఇక మీ అమ్మాయి. నా సలహా పశువైద్యం, అంటే బీవీఎస్సీ చదివించమని. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ళు. తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్‌లలో కళాశాలలున్నాయి. తర్వాత పశు ప్రత్యుత్పత్తి శాస్త్రంలో పీజీ. బయోటెక్నాలజీ దారిలో వచ్చినవాళ్ళూ ఈ పని బాగా చేస్తారు. కానీ చూడి పరీక్ష చేయడం, కష్టమైన ఈత దగ్గర నిలబడటం తెలిసినవాళ్ళకు పిండం వెనక ఒక తల్లి ఉందని గుర్తుంటుంది. సెలవుల్లో ఊళ్ళోని పశువైద్యశాలకు పంపండి. ఎద గుర్తించడం, ద్రవ నత్రజని డబ్బాలోంచి వీర్యం స్ట్రా తీసి కరిగించడం అక్కడే చూస్తుంది. ఆ డబ్బాలో ఉన్నదే, పెద్ద ఎత్తున, శాన్ డియాగోలోనూ ఉంది.

ఒకటి ముందే చెప్పి ఉంచండి. అండం లోంచి కేంద్రకం తీయడం నేర్చుకునేటప్పుడు నాకు మొదటి మూడు నెలల్లో ఒక్క అండమూ దక్కలేదు, అన్నీ చిట్లిపోయాయి. నాలుగో నెలలో ఒక మంగళవారం సాయంత్రం ఒకటి నిలిచింది, మరునాటికి రెండు కణాలైంది. నేర్పిన మేడమ్ సూక్ష్మదర్శిని లోంచి చూసి, ఏమీ అనకుండా నా పుస్తకంలో తేదీ వేసి సంతకం పెట్టారు. ఆ పుస్తకం నా దగ్గర ఉంది. మీ అమ్మాయి చూడాలనుకుంటే చూపిస్తాను.